తిప్పను అడ్డంగా నడవాలి

హ్యూస్టన్‌లో ఉండే మా మేనల్లుడు జనవరిలో ఓ ఆదివారం పొద్దున "హైకింగ్‌కి వెళ్దామా మామయ్యా" అనగానే నా చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది. వాడు గమనించాడు. "కంగారుపడకు, అక్కడ ఎక్కడానికి ఏమీ ఉండదు" అన్నాడు. వెళ్ళాక చూస్తే అక్షరాలా నిజం.

వాడు తీసుకెళ్ళింది గాల్వెస్టన్ దీవికి. హ్యూస్టన్ నుంచి దక్షిణంగా 50 మైళ్ళు. 27 మైళ్ళ పొడవు, ఎంత సాగదీసినా మూడు మైళ్ళ వెడల్పు. ఒకపక్క గల్ఫ్ ఆఫ్ మెక్సికో, రెండో పక్క గాల్వెస్టన్ అఖాతం. తీరానికి సమాంతరంగా, సముద్రానికి అడ్డంగా పడుకున్న ఇలాంటి ఇసుక మేటను బ్యారియర్ ఐలాండ్ అంటారు. మన కోస్తాలో అయితే తిప్ప అనేసి ఊరుకునేవాళ్ళం. మనకూ పెద్దది ఒకటుంది. పడమట పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతం, నడుమ శ్రీహరికోట. కాకపోతే అక్కడ షికారుగా నడవాలంటే ముందు రాకెట్ల పని నేర్చుకోవాలి.

మంచుయుగం ముగిశాక సముద్రం చాలాకాలం పైకి లేస్తూనే వచ్చింది. ఆ జోరు తగ్గాక, సుమారు 5,000 ఏళ్ళ కిందట, అలలూ ఒడ్డు వెంబడి పారే నీరూ కలిసి ఇక్కడ ఇసుక పొయ్యడం మొదలుపెట్టాయి. ఒక వరస గట్టు పడింది. దాని ముందు, సముద్రం వైపు, ఇంకో వరస. అలా వరసలు వరసలుగా దీవి వెడల్పయింది. అందుకే ఇక్కడ నేల గట్టు, పల్లం, మళ్ళీ గట్టు, పల్లంగా ఉంటుంది. గట్టు అన్నానని కొండను ఊహించుకోకండి. పొలం గట్టును ఊహించుకోండి, అదీ కాస్త బద్ధకస్తుడైన రైతుది.

వచ్చినవాళ్ళు చాలామంది నీటి అంచున పొడవునా నడుస్తారు. నా లెక్కలో అది పొరపాటు. పొడవునా పది మైళ్ళు నడిచినా అదే ఇసుక, అదే గాలి, చివరికి అదే ఖాళీ డబ్బా. అడ్డంగా మైలున్నర నడిస్తే మాత్రం నాలుగు రకాల నేలలు దాటుతారు. దానికి అనువైన చోటు గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్. సుమారు 2,000 ఎకరాలు, గల్ఫ్ ఒడ్డున మొదలై అఖాతం ఒడ్డున ముగుస్తుంది. కాలిబాటలన్నీ కలిపినా కొద్ది మైళ్ళే. మామూలు బూట్లు చాలు. మధ్యలో ఒక తారురోడ్డు దాటాలి, మొత్తం ప్రయాణంలో కాస్త గుండె దడ పుట్టించేది అదే.

మొదటిది బీచ్. నీళ్ళు గోధుమరంగులో ఉంటాయి. అక్కడి తెలుగువాళ్ళు దీన్ని చూసి "మన వైజాగే నయం" అని పెదవి విరవడం రివాజు. మురికి కాదది, ఒండ్రు. తూర్పున మిసిసిపీ, దగ్గర్లోని చిన్నా పెద్దా నదులు తెచ్చిన మట్టి ఒడ్డు వెంబడి కొట్టుకొస్తుంది. ఇక్కడ సముద్రం చాలాదూరం వరకు లోతు లేనిది కాబట్టి అలలు దాన్ని తేరుకోనివ్వవు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు మనమేం మొహం చిట్లించం కదా.

బీచ్ దాటితే ఇసుక దిబ్బలు. ఇక్కడ చెక్కవంతెన మీద నుంచే నడవాలి, కిందికి దిగకూడదు. నేను దాని అంచున కూర్చుని వంగి చూశాను. ఊదారంగు పూలతో ఒక తీగ, ఆకు మధ్యలో చీలి అచ్చం మేక డెక్కలా ఉంది. శాస్త్రీయ నామంలోనూ మేకకాలు అనే పెట్టారు దానికి. మన తీరం ఇసుకల్లో పాకేదీ ఇదే తీగ, వేరే జాతి కూడా కాదు. కణుపు కణుపుకూ వేరు దించుకుని ఉంది. దాని గాలివాటు పక్క బెత్తెడు ఇసుక, రెండో పక్క ఖాళీ.

దిబ్బ పుట్టేది అలాగే. గాలి మోసుకొచ్చే ఇసుక ఏదైనా అడ్డం తగిలినచోట దిగుతుంది. అడ్డం గడ్డిపోచ కావచ్చు, తీగ కావచ్చు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు కుప్ప కావచ్చు. ఇసుక కప్పేస్తున్నకొద్దీ మొక్క పైకి పెరుగుతుంది, పెరిగినకొద్దీ ఇంకాస్త ఇసుక పడుతుంది. ఈలోగా ఒకాయన ఫోటో కోసం దిబ్బెక్కుతాడు. ఆయన అడుగుల్లో ఇంకొకరు. గడ్డి చచ్చి బాట పడుతుంది. తుఫాను రోజున నీరు వెతుక్కునేది ఆ గండినే. చెరువు కట్ట ఎరిగినవాళ్ళకి ఇంతకుమించి విడమరిచి చెప్పక్కర్లేదు.

దిబ్బల వెనక పల్లాల్లో మంచినీటి మడుగులున్నాయి. చుట్టూ సముద్రం పెట్టుకుని మంచినీరు ఎక్కడిదంటే, వానదే. ఇసుకలోకి ఇంకిన వాననీరు తేలిక కాబట్టి కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పల్లం దొరికినచోట బయటపడుతుంది. ఒడ్డున చెలమ తీసి తాగేవాళ్ళకి తెలిసిన సంగతే. ఈ మడుగుల్లో ఎలిగేటర్లు ఉంటాయని బోర్డు పెట్టారు. గజేంద్రుడి అనుభవం గుర్తుంచుకుని ఒడ్డుకు ఎడంగా నడిస్తే చాలు. గడ్డిలో గిలక పాములూ ఉంటాయి కనుక బాట మధ్యలోనే ఉండడం మంచిది.

చివరిది అఖాతం వైపు పర్ర. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పోటుకు మునిగి ఆటుకు తేలే నేల, మోకాలెత్తు గడ్డి. ఒక పరకను వెలుగుకు పెట్టి చూస్తే దాని మీద ఉప్పు పలుకులు మెరిశాయి. ఉప్పునీరు పీల్చి, అక్కర్లేని ఉప్పును ఆకు మీదున్న గ్రంథుల గుండా బయటికి తోసేస్తుందీ గడ్డి. దాని మొదట్లో ఒక చెయ్యి మాత్రమే బాగా పెద్దదైన చిన్న పీతలు బొరియల్లోకి దూరుతున్నాయి. దూరంగా గులాబీరంగు తెడ్డుమూతి కొంగలు నీళ్ళలో ముక్కు అటూ ఇటూ ఊపుతున్నాయి, ఎవరో గంటెతో చారు కలుపుతున్నట్టు.

అక్కడే ఒక చెక్క టవర్ ఉంది. పైకెళ్ళి చూస్తే అటు గల్ఫ్, ఇటు అఖాతం, నడుమ పరిచిన చాపలాంటి నేల. 1900 సెప్టెంబరు 8న తుఫాను వచ్చినప్పుడు ఈ దీవిలో అత్యంత ఎత్తైన చోటు తొమ్మిది అడుగులు లేదు. నీళ్ళు 15 అడుగులకు పైగా లేచాయి. పోయినవాళ్ళు తక్కువలో తక్కువ 6,000 మంది, 8,000 అనేవాళ్ళే ఎక్కువ. అమెరికా చరిత్రలో అంతమందిని పొట్టనపెట్టుకున్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో విన్నవాళ్ళకి ఆ నీటి గోడ ఎలాంటిదో తెలుసు.

తర్వాత ఊరివాళ్ళు 17 అడుగుల సముద్రపు గోడ కట్టుకున్నారు. అంతటితో ఆగక ఊరినే పైకి లేపారు. రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో ఎత్తి, కింద ఇసుక కలిపిన నీటిని పంపులతో నింపారు. గోడను తర్వాత పెంచుకుంటూ పోయి పది మైళ్ళు దాటించారు. అయినా అది పార్కు దాకా రాదు. ఇక్కడ అడ్డం నిలబడేది ఇందాకటి దిబ్బలూ, ఆ మేకడెక్క తీగా. 2008లో ఐక్ తుఫాను పార్కును ఊడ్చిపెట్టేసింది. బీచ్ వైపు భాగాన్ని తిరగకట్టి 2022లో తెరిచారు. దీవి రేవులోని కొలబద్ద ప్రకారం నేల కుంగడం, సముద్రం లేవడం కలిపి నీటిమట్టం ఏడాదికి ఆరు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. వందేళ్ళకు రెండడుగులు. కొండ ప్రాంతంలో రెండడుగులంటే ఎవరూ పట్టించుకోరు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్ళండి. ఉపఉష్ణమండలమే కదా అని చలిని తేలిగ్గా తీసుకోకండి, ఈ దీవి ఢిల్లీకంటే కాస్త ఉత్తరాన ఉంది, 2021 ఫిబ్రవరిలో ఈ బీచ్ మీద మంచు కురిసింది. వేసవిలో నీడ ఉండదు, దోమలుంటాయి. పర్ర దోమలు మన ఊరి దోమల్లా చీకటి పడేదాకా ఆగవు, పట్టపగలే పనిలోకి దిగుతాయి.

కారెక్కాక మేనల్లుడు చేతి గడియారం చూపించాడు. అడుగులు ఏడు వేల చిల్లర. ఎక్కిన అంతస్తులు రెండు.

"రెండెక్కడివిరా?" అన్నాను.

"టవర్ మెట్లు" అన్నాడు. "దీవి లెక్క సున్నా."