మర లోపల ఎంత బొగ్గు?

భద్రాచలం నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో పాల్వంచ ఉన్నది. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లు కిన్నెరసాని నుంచి, బొగ్గు సింగరేణి గనుల నుంచి వస్తాయి. ఈ బొగ్గు సంగతి 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. పాల్వంచలో 1966లో మొదలైన పాత యంత్రాలు ఇప్పుడు లేవు. 2018లో 800 మెగావాట్ల కొత్త యంత్రం వచ్చింది.

ఇటువంటి కేంద్రాలలో బొగ్గును పెళ్లలుగా కొలిమిలో వెయ్యరు. ముందు విసరాలి. ఎంత మెత్తగానంటే, అంగుళం పొడుగున 200 కన్నాలుండే జల్లెడలో పోస్తే నూటికి 70 పాళ్లు దిగిపోవాలి. ఆ కన్నం వెడల్పు మిల్లీమీటరులో సుమారు పదమూడో వంతు!

విసిరే మరలో పెద్ద గిన్నె ఒకటి తిరుగుతూ ఉంటుంది. బరువైన రోలర్లు అందులోని బొగ్గును నలుపుతాయి. కిందనుంచి వేడిగాలి వచ్చి, పొడిని ఆరబెట్టి పైకి లేపుతుంది. మెత్తనిది కొలిమికి పోతుంది, బరకది మళ్లీ గిన్నెలో పడుతుంది.

చిక్కల్లా ఇక్కడే. గిన్నెలో ఈ క్షణాన ఎంత బొగ్గున్నది? మూత తీసి చూడటానికి లేదు. కొలతకర్ర పెడితే నలిగిపోతుంది. కాని తెలియకపోతే ప్రమాదం. బొగ్గు ఎక్కువైతే మర పూడుకుపోతుంది. తక్కువైతే గాలి వేడి తగ్గక లోపలి పొడి అంటుకోవచ్చు. పొడి బరకగా ఉంటే బొగ్గు పూర్తిగా కాలక బూడిదలో కలిసి వృథా అవుతుంది.

తిరగలి విసిరేవాళ్లను అడగండి. పిడి బరువెక్కితే గింజలు ఎక్కువైనాయనీ, రాళ్లు గరగరమంటే అయిపోయాయనీ చెబుతారు. రాయి ఎత్తి చూడనక్కర లేదు.

మరకూ అట్లాంటి గుర్తులే ఉన్నాయి. మోటారు ఎంత కరెంటు లాగుతున్నది, గాలికి ఎంత అడ్డు తగులుతున్నది, బయటికి వచ్చే గాలి ఎంత వేడిగా ఉన్నది. ఈ మూడూ సులభంగా కొలవవచ్చు. కాని ఏ ఒక్కదాన్నీ నమ్మరాదు. మోటారు బరువెక్కిందంటే బొగ్గు ఎక్కువ కావచ్చు, లేదా గట్టిది కావచ్చు. గాలికి అడ్డు కూడా పెరిగితే అప్పుడు ఎక్కువైందనే అనుమానం బలపడుతుంది. వానాకాలపు తడిబొగ్గును గాలి వేడి పట్టిస్తుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యటానికి 1 కాలరీ చాలు. మరిగే నీరు గ్రాము ఆవిరి కావాలంటే 540 కాలరీలు కావాలి. అంత వేడినీ తడి మింగేస్తుంది గనక గాలి చల్లబడుతుంది.

ఈ సంబంధాలన్నీ లెక్కలుగా రాసి కంప్యూటరుకు ఇస్తారు. లోపలికి పోయిన బొగ్గులోనుంచి బయటికి పోయిన పొడిని తీసివేసి, గిన్నెలో ఇంత ఉండాలని అది ఊహిస్తుంది. అంత ఉంటే మూడు ముళ్లూ ఎక్కడ నిలవాలో లెక్క కడుతుంది. నిజంగా ముళ్లు వేరే చోట ఉంటే తన ఊహను కొంచెం దిద్దుకుంటుంది. మళ్లీ ఊహ, మళ్లీ దిద్దుబాటు. హంగరీలో పుట్టిన రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ఇటువంటి లెక్కకు పేరుపొందిన పద్ధతి ఒకటి ప్రకటించాడు. చంద్రుడి మీదికి పోయిన అపోలో నౌకల ప్రయాణంలోనూ ఆ పద్ధతి వాడారు. చంద్రుడి దారీ, బొగ్గు మరా ఒకే లెక్కకు లొంగటం నాకు వింతగానే ఉంటుంది!

అయితే రోలర్లు రోజురోజుకూ అరుగుతాయి. లెక్క మాత్రం వాటిని ఇంకా కొత్తవే అనుకుంటుంది. అంచేత అప్పుడప్పుడు గొట్టంలోనుంచి కాస్త పొడి తీసి, జల్లెడ పట్టి, వచ్చిన తేడాను ఆ లెక్కకు చెప్పవలసి ఉంటుంది.