బ్రెగ్జిట్: బ్రిటన్ మళ్లీ ఈయూలో చేరొచ్చా? దారి ఉంది.. కానీ పాత సీటు లేదు!

యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటకొచ్చింది 2020 జనవరి 31న. అంతకుముందు 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో 51.9 శాతం మంది వెళ్లిపోదామనే ఓటేశారు. కానీ కొన్నేళ్లుగా ఒపీనియన్ పోల్స్‌లో ఆ నిర్ణయం తప్పే అన్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. మరి మనసు మార్చుకుంటే మళ్లీ చేరొచ్చా?

చట్టం ప్రకారం చేరొచ్చు. బ్రిటన్ బయటకెళ్లేందుకు వాడుకున్న 50వ అధికరణంలోనే ఈ సంగతి ఉంది. వెళ్లిన దేశం తిరిగి రావాలంటే 49వ అధికరణం కింద దరఖాస్తు చేసుకోవాలి. అంటే కొత్త సభ్యదేశం లెక్కే! పాత సభ్యత్వానికి ప్రత్యేక మినహాయింపు ఏమీ ఉండదు. 27 దేశాలూ ఒప్పుకోవాలి, యూరోపియన్ పార్లమెంట్ ఓకే చెప్పాలి. ఒక్క దేశం కాదన్నా కథ మొదటికే. బ్రిటన్‌కు ఇది అనుభవమే. 1963లో ఒకసారి, 1967లో మరోసారి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ అడ్డుపడ్డారు. చివరికి 1973లో చేరింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గతంలో బ్రిటన్ సొంత పౌండ్‌నే ఉంచుకుంది. పాస్‌పోర్ట్ తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలో చేరలేదు. థాచర్ 1984లో పట్టుబట్టి సాధించిన రిబేటుతో బడ్జెట్ చెల్లింపుల్లో కొంత వెనక్కి వచ్చేది. ఇవన్నీ బయటకు రావడంతోనే పోయాయి. కొత్తగా చేరే దేశం యూరోకు మారతామని ఒప్పుకోవాల్సిందే. అయితే స్వీడన్ 2003 రెఫరెండంలో యూరో వద్దని, ఇప్పటికీ క్రోనాతోనే నెట్టుకొస్తోంది! అలాంటి వెసులుబాటు బ్రిటన్‌కూ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. పైగా 'రేపు ప్రభుత్వం మారితే మళ్లీ వెళ్లిపోరా?' అని మిగతా దేశాలు అడగకుండా ఉంటాయా?

ఇలా వెళ్లి తిరిగొచ్చిన దేశం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌ల్యాండ్ 1985లో బయటకెళ్లింది, మళ్లీ రాలేదు. 2024 ఎన్నికల్లో గెలిచిన లేబర్ పార్టీ కూడా ఈయూ సింగిల్ మార్కెట్‌లోకి, కస్టమ్స్ యూనియన్‌లోకి తిరిగి వెళ్లేది లేదని మేనిఫెస్టోలోనే రాసుకుంది.

ఇందులో మనకూ ఒక లింకుంది. ఈయూ సభ్యదేశాలు సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకోలేవు, అందరి తరఫునా బ్రస్సెల్సే మాట్లాడుతుంది. 2025 జూలై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందం బ్రిటన్ బయట ఉంది కాబట్టే సాధ్యమైంది. రొయ్యలపై సుంకాల ఎత్తివేత అందులో ఉండటంతో ఆంధ్రా ఆక్వా రైతులకూ అది కీలకమే. బ్రిటన్ తిరిగి ఈయూలో చేరితే ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టి, భారత్‌తో ఈయూ కుదుర్చుకునే నిబంధనలకే కట్టుబడాల్సి వస్తుంది.