వేసవిలో చల్లని బియ్యం పాల కాఫీ: ఎవరు తాగవచ్చు, ఎవరు తాగకూడదు?

ఎండలు ముదిరేసరికి ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో వేడి కాఫీ, టీల మీద మనసు పోదు. ఏదైనా చల్లగా కావాలనిపిస్తుంది. ఈమధ్య మన సంఘ కుటుంబాల్లోని యువతీయువకులు, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఒక కొత్త పానీయం గురించి అడుగుతున్నారు. బియ్యం పాలలో దాల్చిన చెక్క వేసి, కాఫీ డికాషన్ కలిపి, ఐసు ముక్కలతో తాగే పానీయం అది. మెక్సికో దేశంలో బియ్యం, దాల్చిన చెక్క కలిపి చేసే పానీయాన్ని ‘ఓర్చాటా’ అంటారు. అమెరికాలో దానికి కాఫీ కూడా కలిపి అమ్ముతున్నారు. అక్కడ రుచి చూసినవారు ఇక్కడికి వచ్చి ఇంట్లో చేసుకోవాలనుకుంటున్నారు.

బియ్యంతో పానీయం మనకు కొత్తేమీ కాదు. గంజి, జావ, కోస్తా జిల్లాల తరవాణి మన పెద్దలు తాగినవే. కాబట్టి ఈ బియ్యం పాల కాఫీని చూసి భయపడవలసిన పని లేదు. అయితే ‘పాలు’ అనే మాట విని కొందరు తల్లులు, “సిస్టర్, బాబుకు పాలు పడడం లేదు, ఈ బియ్యం పాలు పట్టవచ్చా?” అని అడుగుతున్నారు. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం ఆ ప్రశ్నే. తయారీ విధానంతో పాటు దానికి జవాబు కూడా తెలుసుకుందాం.

ఇంట్లో తయారు చేసే విధానం

కావలసినవి (ఐదారు గ్లాసులకు):
- బియ్యం: 3 టేబుల్ స్పూన్లు (సుమారు 45 గ్రాములు)
- కాచి చల్లార్చిన లేదా ఫిల్టర్ చేసిన నీళ్ళు: 1 లీటరు
- దాల్చిన చెక్క: ఒక అంగుళం ముక్క
- చక్కెర లేదా బెల్లం: గ్లాసుకు ఒక టీ స్పూను మించకుండా
- కాఫీ డికాషన్: గ్లాసుకు 50 మిల్లీ లీటర్లు (చిన్న టీ కప్పులో సగం). ఇన్‌స్టంట్ పొడి అయితే గ్లాసుకు ఒక టీ స్పూను, కొంచెం వేడి నీళ్ళలో కరిగించాలి.

1. బియ్యాన్ని మూడు నాలుగు సార్లు బాగా కడిగి, ఒక గంట నానబెట్టండి. నానిన నీళ్ళు పారబోయండి.
2. రెండు గ్లాసుల నీళ్ళు పోసి మిక్సీలో మెత్తగా రుబ్బండి. శుభ్రమైన పలుచని గుడ్డలో వడకట్టండి. మిగిలిన నీళ్ళు కలపండి.
3. దాల్చిన చెక్క వేసి సన్నని మంట మీద గరిటెతో కలుపుతూ కాయండి. కలపకపోతే అడుగంటి ఉండలు కడుతుంది. ఒక పొంగు వచ్చాక మరో ఎనిమిది, పది నిమిషాలు ఉడకనివ్వండి. పలుచని జావలా ఉండాలి.
4. దించి, చెక్క ముక్క తీసివేసి, గిన్నెను చల్లని నీళ్ళున్న వెడల్పాటి పళ్ళెంలో పెట్టి త్వరగా చల్లార్చండి. ఆ తరువాత మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.
5. తాగేటప్పుడు గ్లాసులో సగానికి పైగా బియ్యం పాలు, డికాషన్, చక్కెర, ఐసు ముక్కలు వేసి కలపండి. బియ్యం పిండి అడుగుకు దిగుతుంది కనుక ప్రతిసారీ కలిపి పోసుకోవాలి. చిక్కబడితే కొంచెం చల్లని నీళ్ళు కలపండి.

24 గంటల్లో వాడేయండి. మిగిలితే పారబోయండి.

ఎందుకు ఉడికించాలి?

చాలామంది బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పచ్చిగానే తాగుతారు. మన ఊరి మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వంటింట్లో రాత్రి కూడా వేడిగానే ఉంటుంది. బియ్యంలో ‘బాసిల్లస్ సెరియస్’ అనే సూక్ష్మక్రిమి గింజలు సహజంగానే ఉంటాయి. వేడి వాతావరణంలో అవి మొలకెత్తి పెరిగి విషపదార్థాన్ని తయారు చేస్తాయి. ఇందులో వాంతులు కలిగించే విషం తిరిగి మరిగించినా పోదు. వండిన అన్నాన్ని, జావను గంటల తరబడి బయట ఉంచి తరువాత వేడి చేసుకున్నా ప్రమాదం తప్పదని చెప్పేది ఇందుకే. కాబట్టి తక్కువసేపు నానబెట్టడం, ఉడికించడం, వెంటనే చల్లార్చడం, ఫ్రిజ్‌లో పెట్టడం, ఈ నాలుగూ ముఖ్యం. కరెంటు ఎక్కువసేపు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గితే దానిని వాడకండి.

ఐసు విషయం కూడా ఇంతే. చేపల కోసం, పెళ్ళిళ్ళలో సీసాలు చల్లబరచడానికి తెచ్చే పెద్ద ఐసు దిమ్మలు తాగే నీళ్ళతో చేసినవని నమ్మకం లేదు. వాటిని గ్లాసులో వేయకండి. కాచి చల్లార్చిన నీళ్ళతో ఇంట్లో ట్రేలో గడ్డకట్టించిన ఐసే మంచిది. పచ్చకామెర్లు, టైఫాయిడ్, వాంతులు, విరేచనాలు చాలావరకు నీళ్ళ ద్వారానే వస్తాయి.

పసిపిల్లలకు పట్టవచ్చా?

వద్దు. తల్లులందరూ ఇది గుర్తు పెట్టుకోవాలి. బియ్యం పాలలో ఉన్నది ఎక్కువగా పిండిపదార్థం. 200 మిల్లీ లీటర్ల ఆవు పాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 240 మిల్లీ గ్రాముల దాకా కాల్షియం ఉంటాయి. మనం పైన చేసుకున్న బియ్యం పాలు అంతే తాగితే మాంసకృత్తులు 1 గ్రాము కూడా అందవు. కాల్షియం దాదాపు లేనట్టే. రంగు తెల్లగా ఉన్నంత మాత్రాన అది పాలు కాదు. మొక్కల నుండి చేసిన పానీయాల పొట్లాల మీద ‘పాలు’ అనే మాట వాడకూడదని మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2021లో ఆదేశించినది కూడా ఇలాంటి తికమక ఉండకూడదనే.

దీనికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. 2001లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో అమెరికా డాక్టర్లు ఒక బాబు గురించి రాశారు. ఆ బాబుకు రెండేళ్ళు నిండలేదు. చర్మం మీద గజ్జి వంటి దద్దుర్లు ఉండడం, పాలు పడవని అనుకోవడం వలన తల్లి పాలు మాన్పించాక ఎక్కువగా బియ్యం పానీయమే పట్టారు. ఆ బాబుకు ‘క్వాషియార్కర్’ వచ్చింది. ఆహారంలో మాంసకృత్తులు కరువై వచ్చే ఈ జబ్బులో పాదాలు, ముఖం నీరు పట్టి ఉబ్బుతాయి. చర్మం పొరలుగా లేస్తుంది, జుట్టు రంగు మారి పలచబడుతుంది, బిడ్డ ఆడుకోకుండా చిరాకుగా, నీరసంగా ఉంటాడు. ఆ వాపును చూసి బిడ్డ బొద్దుగా ఉన్నాడని పెద్దలు మురిసిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఆ పేరు ఆఫ్రికాలోని ఘనా దేశపు భాషది. మరో బిడ్డ పుట్టినప్పుడు పాలు మానిన పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. అక్కడ పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1930లలో దీనిని వైద్య లోకానికి తెలియజేశారు. మన దేశంలో ఈ జబ్బు మీద ఎంతో పరిశోధన చేసిన డాక్టర్ సి. గోపాలన్, 1960లలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. హబ్సిగూడ దాటితే కనిపించే ఆ సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది.

కాబట్టి:
- ఆరు నెలల వరకు తల్లి పాలు తప్ప మరేమీ వద్దు, నీళ్ళు కూడా.
- ఆరు నెలల తరువాత తల్లి పాలు కొనసాగిస్తూ మెత్తగా చిదిమిన పప్పు అన్నం, గుడ్డు, కూరగాయలు, పండు పెట్టండి.
- బిడ్డకు పాలు పడడం లేదనిపిస్తే మీరే పాలు మాన్పించకండి. పిల్లల డాక్టరు గారికి చూపించండి.
- బియ్యంలో కొద్దిపాటి ఆర్సెనిక్ కూడా ఉంటుంది కనుక ఐదేళ్ళ లోపు పిల్లలకు బియ్యం పానీయాలు ఇవ్వవద్దని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతోంది.
- కాఫీ చిన్నపిల్లలకు ఎలాగూ తగదు.

మరి ఎవరు తాగవచ్చు?

పాలు తాగితే కడుపు ఉబ్బరం, గ్యాసు, విరేచనాలు అయ్యే పెద్దవారు కొందరున్నారు. పాలలోని లాక్టోజు అనే చక్కెర వారికి జీర్ణం కాదు. అలాంటివారు ఈ పానీయాన్ని అప్పుడప్పుడు సంతోషంగా తాగవచ్చు. చక్కెర వేయకపోతే గ్లాసుకు బియ్యం వలన వచ్చేది సుమారు 30 కేలరీలే. అయితే పాల బదులు తాగేటప్పుడు ఆ లోటు వేరేచోట పూడ్చుకోవాలి. చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. రాగి జావ, ఆకుకూరలు, నువ్వులు కాల్షియం ఇస్తాయి. పక్కన గుప్పెడు వేయించిన శనగలో, పల్లీలో, గుగ్గిళ్ళో తింటే మాంసకృత్తులు అందుతాయి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

షుగరు ఉన్నవారు: బియ్యం పిండి త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. పాలలో లాగా దానిని నెమ్మదింపజేసే మాంసకృత్తులు, కొవ్వు ఇందులో లేవు. బజారులో దొరికే బియ్యం పానీయాలలో చక్కెర వేయకపోయినా తీపి ఉంటుంది. తయారీలో ఎంజైములతో పిండిని చక్కెరగా మారుస్తారు. “దాల్చిన చెక్క షుగరును తగ్గిస్తుందట కదా” అని మాత్రలు మానడం గాని, దీనిని మందులా రోజూ తాగడం గాని చేయకండి.

గర్భిణీ స్త్రీలు, రక్తహీనత ఉన్నవారు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. కాఫీలోని పదార్థాలు అన్నంలో, ఆకుకూరల్లో, మాత్రల్లో ఉన్న ఇనుమును వంటబట్టనివ్వవు. భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత వరకు కాఫీ, టీ తాగవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో చెప్పింది. ఐరన్ మాత్రను ఈ కాఫీతో మింగకండి. నిమ్మరసంతో గాని, మంచినీళ్ళతో గాని వేసుకోండి.

అదే సంస్థ లెక్క ప్రకారం 150 మిల్లీ లీటర్ల డికాషన్ కాఫీలో 80 నుండి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65 మిల్లీ గ్రాముల కెఫీన్ ఉంటుంది. పెద్దవారికి రోజుకు 300 మించరాదు. గర్భిణీలు 200 లోపే ఉంచుకోవడం క్షేమం. టీ, కూల్ డ్రింకులలోని కెఫీన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు: ఉదయం పరగడుపున మంచినీళ్ళతో మాత్ర వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి.

కాలేయ జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు: మన కిరాణా కొట్లలో దొరికే మందపాటి, గట్టి చెక్క ఎక్కువగా కాసియా రకం. శ్రీలంక రకం సన్నని పొరలు పొరలుగా చుట్టుకుని, చేతితో నలిపితే సులువుగా విరుగుతుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది అధికమైతే కొందరిలో కాలేయానికి హాని. వంటలో వేసే చిన్న ముక్కతో ఇబ్బంది లేదు. చెంచాల కొద్దీ పొడి రోజూ కలుపుకోవడమే తప్పు. మీరు ఇలాంటి మందులు వాడుతుంటే ముందుగా డాక్టరు గారిని అడగండి.

కిడ్నీ రోగులు: డయాలసిస్ చేయించుకునేవారు ఈ గ్లాసును, అందులోని ఐసును కూడా రోజువారీ నీళ్ళ కొలతలో కలుపుకోవాలి.

విరేచనాలు అవుతున్నవారు: అప్పుడు ఈ తీపి కాఫీ వద్దు. ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి తాగండి. ఉప్పు వేసిన పలుచని గంజి కూడా మంచిదే.

చక్కెర సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం రోజు మొత్తంలో కలుపుకునే చక్కెర సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మంచిది. అంటే ఐదు టీ స్పూన్లు. చల్లని పానీయంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. అందుకే తెలియకుండానే నాలుగు స్పూన్లు వేసేస్తాం. బెల్లం వేసినా, తేనె వేసినా లెక్క ఇదే. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదని కూడా ఈ సందర్భంగా గుర్తు చేస్తున్నాను.

గుర్తుంచుకోండి
- బియ్యం పాలు పెద్దలకు సరదా పానీయం. పసిబిడ్డకు ఆహారం కాదు.
- ఉడికించండి, త్వరగా చల్లార్చండి, 24 గంటల్లో ముగించండి.
- ఐసు ఇంటిదే వాడండి.
- భోజనానికి, ఐరన్ మాత్రకు గంట దూరంగా తాగండి.

బిడ్డ పాదాలు ఉబ్బినా, బరువు పెరగకపోయినా, ఆటలు మాని నీరసంగా ఉన్నా ఇంట్లో చిట్కాలతో కాలం గడపకుండా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకురండి. వచ్చేటప్పుడు బిడ్డకు రోజూ ఏమేమి పెడుతున్నారో ఒక కాగితం మీద రాసి తెస్తే డాక్టరు గారికి, మా నర్సులకు ఎంతో సహాయంగా ఉంటుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్