వోల్టేజీ పడిపోతే తప్పంతా స్టెబిలైజరుదేనా?

సాయంత్రం ఏడు దాటితే నరసాపురంలో చాలా ఇళ్ళలో ఫ్యాను నెమ్మదిస్తుంది. ఫ్రిజ్ పక్కనున్న స్టెబిలైజరు టక్ టక్‌మని కొట్టుకుంటుంది. అది పాడైపోయిందని కొత్తది కొంటారు. రెండు వారాలకు అదీ అలాగే కొట్టుకుంటుంది. సంఘం దగ్గరికి వచ్చి ఈ మాట చెప్పేవారు ఎక్కువయ్యారు కాబట్టి, మాకు తెలిసినంతలో విషయం ఇక్కడ రాస్తున్నాము.

మా వీధిలో ఒక కుటుంబం ఇలాగే రెండు స్టెబిలైజర్లు మార్చింది. ఆఖరికి మల్టీమీటరు తెప్పించి చూశాము. ఇంట్లో ఏదీ వేయనప్పుడు మెయిన్ దగ్గర 228 వోల్టులు ఉంది. ఫ్రిజ్, మిక్సీ కలిపి వేయగానే 160కి పడిపోయింది. అదే సమయంలో పక్కింట్లో 225 ఉంది. తప్పు స్టెబిలైజరులో లేదు, స్తంభం మీద వారి సర్వీసు వైరు అతుకు దగ్గర ఉంది. అల్యూమినియం వైరు తుప్పు పట్టి వదులైంది. లైన్‌మ్యాన్ వచ్చి అతుకు శుభ్రం చేసి బిగించాక పాత స్టెబిలైజరే చక్కగా పనిచేసింది.

కరెంటు తీగలో పారేటప్పుడు కొంత వోల్టేజీ తీగలోనే ఖర్చవుతుంది. పోను రాను తీగల నిరోధం 2 ఓములు అనుకుందాం. 5 ఆంపియర్లు పారితే 10 వోల్టులు పోతాయి. 20 ఆంపియర్లు పారితే 40 పోతాయి. తీగ పొడుగైనా, సన్నమైనా, అతుకు వదులైనా నష్టం పెరుగుతుంది.

మన జిల్లాకు ఈ లెక్క కొత్తది కాదు. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు సుమారు 147 కిలోమీటర్లు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలకన్నా మూడేళ్ళు ముందు మన గనులకే కరెంటు వచ్చింది. అంత దూరం మామూలు వోల్టేజీతో పంపితే దారిలోనే హరించుకుపోతుంది. అందుకే వేల వోల్టులకు పెంచి పంపి, గనుల దగ్గర తగ్గించుకున్నారు. వోల్టేజీ పెంచితే అదే శక్తికి తక్కువ కరెంటు చాలు, నష్టమూ తగ్గుతుంది. ఇప్పుడు మన టీసీ వరకు 11 వేల వోల్టుల లైను వచ్చేది కూడా ఇందుకే. టీసీ నుంచి ఇంటిదాకా ఉన్న చిన్న తీగలోనే మన తిప్పలు ఎక్కువ. కార్ఖానాలు వచ్చాక అద్దె గదులు పెరిగాయి. పాత తీగల మీద కొత్త భారం పడింది.

స్టెబిలైజరు కరెంటును పుట్టించదు. లోపల ఒక రాగి చుట్ట ఉంటుంది, దానికి మధ్యమధ్య కొసలు తీసి ఉంటాయి. వచ్చే వోల్టేజీని చూసి రిలేలు ఒక కొస వదిలి మరో కొస పట్టుకుంటాయి. టక్‌మనేది అదే. 1,000 వాట్ల పనికి 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లు చాలు. లైనులో 170 మాత్రమే ఉంటే, అదే పనికి స్టెబిలైజరు దాదాపు 5.9 ఆంపియర్లు లాగుతుంది. వీధిలో అందరూ ఇలా లాగితే లైను ఇంకా పడిపోతుంది. మనం మన ఇల్లు చక్కబెట్టుకున్నామని అనుకుంటాము, కానీ వీధి చివరి ఇంటికి మరీ తగ్గుతుంది.

కాబట్టి కొత్తది కొనేముందు ఈ వరసలో చూడండి. మల్టీమీటరు వాడటం తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మొదట, మెయిన్ దగ్గర, స్టెబిలైజరు పెట్టే ప్లగ్గు దగ్గర, స్టెబిలైజరు బయటకిచ్చే చోట, మూడు చోట్లా కొలవాలి. ఉదయం ఆరుకు, సాయంత్రం ఏడుకు, రాత్రి పదకొండుకు చూసి నోటుబుక్కులో రాసుకోవాలి. మన ఇళ్ళకు 230 వోల్టులకు 6 శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఉండాలి.

మెయిన్ దగ్గర సరిగ్గా ఉండి ప్లగ్గు దగ్గర తగ్గితే తప్పు ఇంటి వైరింగులో ఉంది. ప్లగ్గు దగ్గర సరిగ్గా ఉండి స్టెబిలైజరు తప్పుగా ఇస్తుంటే అప్పుడే అది పాడైనట్టు. రిలే కొనలు కాలిపోయి అతుక్కుపోయినా, లోపలి బోర్డు చెడినా ఇలా అవుతుంది. కరెంటు వచ్చిన వెంటనే కొద్ది నిమిషాలు ఏమీ ఇవ్వకపోతే కంగారు పడవద్దు. ఫ్రిజ్ కంప్రెసరును కాపాడటానికి చాలా స్టెబిలైజర్లు అలా ఆగుతాయి.

టక్ టక్ ఆగకపోతే ఫ్రిజ్ ప్లగ్గు తీసి చూడండి. ఫ్రిజ్ తీయగానే ఆగితే, భారం పడినప్పుడు లైను కుంగుతోందని అర్థం. అప్పుడు పక్కింట్లో కూడా అదే సమయానికి కొలవండి. మన ఒక్క ఇంట్లోనే పడితే సర్వీసు వైరు, అందరికీ పడితే టీసీ లేదా లైను. ఫ్యూజు ఒకసారి పోతే అదే కొలత ఫ్యూజు వేయండి. మళ్ళీ పోతే లావు తీగ చుట్టవద్దు. కాలిన వాసన వస్తే వెంటనే ప్లగ్గు తీసేయండి.

అన్నిటికన్నా ప్రమాదం టీసీ దగ్గర న్యూట్రల్ తెగడం. అప్పుడు కొన్ని ఇళ్ళలో లైట్లు మసకబారుతాయి, కొన్ని ఇళ్ళలో కళ్ళు చెదిరేలా వెలుగుతాయి. కొందరికి 300 వోల్టులు కూడా దాటవచ్చు. స్టెబిలైజరు కాపాడుతుందని నమ్ముకోవద్దు. ముందు మెయిన్ ఆపండి, ఇరుగుపొరుగుకు చెప్పండి, 1912కు ఫోను చేయండి. స్తంభం ఎక్కడం, టీసీ ఫ్యూజు ముట్టడం ఎంత తెలిసినవారైనా చేయకూడదు. మన ఊళ్ళలో ఆ పనికి వెళ్ళి తిరిగి రాని పిల్లలున్నారు.

లైను తప్పయితే ఒక్కరే అడగడం కన్నా పది ఇళ్ళు కలిసి అర్జీ పెట్టడం మేలు. అర్జీలో మీటరు మీది ఆర్‌ఆర్ నంబరు, తేదీ, సమయం, కొలిచిన వోల్టులు రాయాలి. ‘కరెంటు సరిగా లేదు’ అని రాస్తే పక్కన పెట్టడం సులభం, ఏడు రోజుల కొలతలు రాస్తే అంత సులభం కాదు. 1912కు చేసిన ఫిర్యాదు నంబరు కూడా రాయండి, ఒక నకలు మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మనకు తాతల నాటి నుంచి అలవాటే. అయినా కన్నడంలో అర్జీ రాయాలంటే జంకే పెద్దవారు ఇంకా ఉన్నారు. అలాంటివారు నోటుబుక్కు తీసుకుని సంఘానికి రండి. అర్జీ మేము రాసి ఇస్తాము. కొలతలు మాత్రం మీరే తేవాలి.