సెషనులో ఆబ్జెక్టుల నిల్వ

సెషను అనగా ఒక వాడుకరి ఒక వెబ్‌సైటుకు వరుసగా పంపే అభ్యర్థనలన్నీ ఆ వాడుకరివే అని గుర్తించుటకు సర్వరు కేటాయించే తాత్కాలిక నిల్వ. ప్రోగ్రాములోని ఆబ్జెక్టులను ఈ నిల్వలో ఉంచి, తరువాతి పేజీలో తిరిగి వాడుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

వెబ్ పేజీలను చేరవేసే హెచ్.టి.టి.పి. నియమావళికి జ్ఞాపకశక్తి లేదు. ఒకే వ్యక్తి వెంటవెంటనే రెండు పేజీలు కోరినా, సర్వరుకు అవి పరస్పర సంబంధం లేని రెండు అభ్యర్థనలే. ఈ కొరత తీర్చుటకు 1994లో నెట్‌స్కేప్ సంస్థకు చెందిన లూ మాంటుల్లీ కుకీలను రూపొందించాడు. సెషను పద్ధతిలో సాధారణంగా కుకీలో ఒక గుర్తింపు సంకేతం మాత్రమే ఉంటుంది. అసలు సమాచారం సర్వరు వద్దనే ఉంటుంది. 2000లో వెలువడిన పి.హెచ్.పి. 4తో ఆ భాషలో సెషను సదుపాయం అంతర్భాగమైంది.

పనిచేసే విధానం

పి.హెచ్.పి.లో పేజీ పంపడం పూర్తికాగానే మెమొరీలోని ఆబ్జెక్టు నశిస్తుంది. అందుచేత దానిని ముందుగా అక్షరాల వరుసగా మార్చి ఫైలులో వ్రాస్తారు. దీనిని సీరియలైజేషన్ అంటారు. ఇందులో క్లాసు పేరు, ఆబ్జెక్టులోని విలువలు మాత్రమే నిల్వ అవుతాయి. ఫంక్షన్లు నిల్వ కావు. కనుక ఆబ్జెక్టును తిరిగి తెరిచే సమయానికి క్లాసు నిర్వచనం ప్రోగ్రాముకు అందుబాటులో ఉండాలి. లేనిచో అసంపూర్ణమైన, పనికిరాని ఆబ్జెక్టు మాత్రమే లభిస్తుంది. డేటాబేసు అనుసంధానం, తెరిచి ఉన్న ఫైలు వంటివాటిని ఈ విధంగా నిల్వ చేయుటకు వీలుకాదు.

జావాలో సెషను సర్వరు మెమొరీలోనే ఉన్నంతవరకు ఈ మార్పిడి అవసరం లేదు. సెషనును వేరొక సర్వరుకు పంపవలసి వస్తే మాత్రం ఆ క్లాసు సీరియలైజబుల్ అయి ఉండాలి.

నకలు పాతబడుట

సెషనులోని ఆబ్జెక్టు డేటాబేసులోని వివరాలకు ఒకానొక సమయంలో తీసిన నకలు మాత్రమే. ఉదాహరణకు, టమాటా మార్కెట్టుకు పేరొందిన కర్నూలు జిల్లా పత్తికొండలో ధరలు తెలిపే ఒక సైటు ఉన్నదనుకుందాం. రైతు లాగిన్ కాగానే సరుకు ఆబ్జెక్టును ధరతో సహా సెషనులో ఉంచితే, వేలంలో ధర పడిపోయిన తరువాత కూడా అతనికి పాత ధరే కనిపిస్తుంది. దానిని నమ్మి కాయ కోయించి బండికెత్తితే కూలి, బాడుగ ఖర్చులు కూడా అతని మీదనే పడతాయి. సెషనులో సరుకు సంఖ్యను మాత్రమే ఉంచి, ప్రతి పేజీలోనూ ధరను డేటాబేసు నుండి తాజాగా తెచ్చుకొంటే ఈ చిక్కు రాదు.

జాగ్రత్తలు

* సెషను శాశ్వతం కాదు. పి.హెచ్.పి.లో సహజంగా ఉండే అమరిక ప్రకారం 1440 సెకన్లు, అనగా 24 నిమిషాలు, వాడని సెషను తొలగింపుకు అర్హమవుతుంది. పోగొట్టుకోరాని సమాచారాన్ని డేటాబేసులో భద్రపరచాలి.
* తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్టువేరు కూడా సెషనులను వాడుతుంది. దిద్దుబాటు మధ్యలో సెషను డేటా పోతే ఆ సంగతి తెలిపి, పాఠ్యాన్ని పెట్టెలోనే ఉంచి, మళ్ళీ భద్రపరచమని కోరుతుంది. ఇతర ప్రోగ్రాములకూ ఇది అనుసరణీయం.
* బ్రౌజరు నుండి వచ్చిన అక్షరాల వరుసను నేరుగా ఆబ్జెక్టుగా మార్చరాదు. దురుద్దేశంతో తయారుచేసిన వరుస సర్వరుకు హాని కలిగించగలదు.