గోదావరి డెల్టాలో అంతర్జాల విస్తరణ – గ్రామసమాజ భాగస్వామ్యం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

అభివృద్ధి చెందుతున్న దేశాలలో అంతర్జాల విస్తరణను సాధారణంగా కేబుల్ పొడవుతోను, టవర్ల సంఖ్యతోను లెక్కిస్తారు. ఊరికి వచ్చిన సౌకర్యాన్ని ఎవరు నిర్వహిస్తారు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు, నిర్ణయాలు ఎవరివి అనే ప్రశ్నలు మరుగున పడుతుంటాయి. గోదావరి డెల్టాలో జరిగిన రెండు ప్రయత్నాల ఆధారంగా వీటిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. అశ్విని ప్రాజెక్టు:

2001లో ఏర్పడిన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి పల్లెలలో గ్రామ వికాస సమితుల ద్వారా పనిచేసింది. మీడియా ల్యాబ్ ఆసియాతో కలిసి, భీమవరం ప్రాంతంలో ‘అశ్విని’ పేరుతో వైఫై నెట్‌వర్క్‌ను నెలకొల్పి, దూరవిద్య, వైద్య, వ్యవసాయ సలహాలను గ్రామాలకు అందించింది.

వైఫై పరికరాలు చవకే. కాని దూరప్రాంతాలను కలపాలంటే రెండు యాంటెన్నాల మధ్య ఏ అడ్డూ ఉండరాదు. నేపాల్‌లో మహావీర్ పున్ గ్రామస్థులతో కలిసి నిర్మించిన నెట్‌వర్క్‌కు కొండలే ఆధారమయ్యాయి. డెల్టా సమతల భూమి. పైగా కొబ్బరితోటలు అడ్డు. అందువల్ల చెట్లను మించిన టవర్లు అవసరమవుతాయి. ఇటువంటి నెట్‌వర్కులలో పరికరాలకంటె టవర్లకే ఎక్కువ ఖర్చు. అంత పెట్టుబడి ఊరి చందాలతో సమకూరేది కాదు. దాత అవసరం అక్కడే ఏర్పడుతుంది.

ఫౌండేషన్‌ను స్థాపించిన కుటుంబమే సత్యం కంప్యూటర్స్‌నూ స్థాపించింది. 2009 జనవరిలో ఆ కంపెనీ ఖాతాల అక్రమాలు బయటపడ్డాయి. గ్రామ సమితులు ఎంత చురుకుగా ఉన్నా, మూలధనం ఒకేచోటి నుండి వచ్చే వ్యవస్థకు గల ప్రమాదాన్ని ఈ ఉదంతం సూచిస్తుంది.

2. మోరి అనుభవం:

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్ సేవలు ప్రారంభమయ్యాయి. కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా తీసుకురావడంతో తవ్వకాల ఖర్చు తగ్గింది; నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇవ్వడానికి అది తోడ్పడింది. అయితే తుఫానుల తీరంలో స్తంభం కూలితే కరెంటుతో పాటు ఇంటర్నెట్ కూడా పోతుంది.

ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చే బాధ్యత స్థానిక కేబుల్ ఆపరేటర్లది. ఊరివారికి తెలిసిన మనిషి అందుబాటులో ఉండడం ఈ పద్ధతిలోని బలం. ధరను, విధానాన్ని మాత్రం రాష్ట్రస్థాయిలోనే నిర్ణయిస్తారు.

ముగింపు:

అశ్వినిలో గ్రామ సమితి ఉన్నా స్వతంత్ర నిధి లేదు. మోరిలో ప్రభుత్వ పెట్టుబడి ఉన్నా నిర్ణయాధికారం గ్రామానిది కాదు. కేబుల్ వేయడానికి ప్రభుత్వ పెట్టుబడి తప్పనిసరి. నిర్వహణకు ఊరిలో క్రమమైన చందా, మరమ్మతు తెలిసిన మనిషి, ఫిర్యాదు విని నిర్ణయం తీసుకోగల గ్రామ సమితి కావాలి. ఈ మూడూ లేనప్పుడు ‘సమాజ భాగస్వామ్యం’ అనే మాటకు చందాదారుల సంఖ్యకు మించిన అర్థం ఉండదు.