తప్పిపోయిన బిడ్డ: వార్త కాకున్నా కేసు కావాలి

ఒక బిడ్డ తప్పిపోతే పత్రికలు మొదటి పుటలో ప్రకటిస్తాయి. మరొక బిడ్డకు మూలన రెండు పంక్తులైనా దక్కవు. తెల్లజాతి యువతులు కనబడకుండా పోయినప్పుడు మాత్రమే అమెరికా వార్తాసంస్థలు చూపే ఆసక్తిని నల్లజాతి పాత్రికేయురాలు గ్వెన్ ఐఫిల్ 2004లో ఎత్తిచూపారు. మన దేశంలో ఈ వివక్ష కులం, పేదరికం, వలస, భాష అనే రూపాలు ధరిస్తుంది. నోయిడాలోని నిఠారీలో వలస కూలీల పిల్లలు ఒకరి తరువాత ఒకరు అదృశ్యమైనా, 2006 డిసెంబరులో అస్థికలు బయటపడిన తరువాతనే అది దేశమంతటా వార్త అయింది.

పత్రిక పట్టించుకోకపోయినా చట్టం పట్టించుకోవలసిందే. పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదుపైనా కేసు నమోదు చేసి, అపహరణ లేదా అక్రమ రవాణాగా తొలుత భావించి దర్యాప్తు జరపాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలో ఆదేశించింది. 24 గంటలు వేచి ఉండాలన్న నిబంధన ఏదీ లేదు.

విరుదునగర్, కోవిల్‌పట్టి ఒకే రైలు మార్గంలో ఉన్నా జిల్లాలు వేరు. అయినను, ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపరాదు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతున్నది. తమిళం వ్రాయడం రానివారు నోటితో చెప్పవచ్చు; వ్రాసుకున్నది చదివి వినిపించి, నకలు ఉచితంగా ఇవ్వాలి.

ఇటీవలి ఛాయాచిత్రం ఇవ్వండి. ధరించిన దుస్తులు తెలపండి. బిడ్డకు తెలుగు మాత్రమే వస్తే ఆ సంగతి తప్పక వ్రాయించండి. 1098కు, 112కు, రైలు ప్రయాణమైతే 139కు కూడా తెలియజేయండి.